మళ్ళీ రమ్మని అనని ఇళ్ళు

పోయినవాళ్ళ కోసం చేసిన పనికి ధర అడగడం పాపమా, ధర అడగలేని మనిషిని పస్తు పెట్టడం పాపమా? ఈ అనుమానం నాలో ఏళ్ళ తరబడి ఉంది. ఫాదర్ గారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకున్నాను. అయినా ఆంథోని గుర్తొచ్చినప్పుడల్లా అది మళ్ళీ లేస్తుంది.

అది రెండువేల ఆరు, మే నెల. మిట్టమధ్యాహ్నం ఖమ్మంలో ఇళ్ళకు అప్పులిచ్చే ఒక ఆఫీసులో ఆంథోని చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"ఏం పని చేస్తావు?" ఆఫీసరు అడిగాడు.

"వడ్రంగి సార్. కొత్తగూడెంల పెట్టెలు చేస్త."

"ఏం పెట్టెలు?"

ఆంథోని చెప్పాడు. ఆఫీసరు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"నెలకెంత వస్తుంది?"

"చెప్పలేం సార్. ఒక నెల నాలుగైదు పోతయి. ఒక నెల ఒక్కటి సుత ఉండది. పెట్టెకు చెక్క, మేకులు, గుడ్డ పోంగ ఆరేడు వందలు మిగులుతయి."

"గిరాకీ పెంచు సామీ అని మొక్కుకుంటవా ఏంది?" పక్క బల్ల మీది గుమాస్తా నవ్వాడు.

ఆంథోని నవ్వలేదు. అప్పటికే ఆయన చూపు ఆఫీసరు పొడవు కొలిచేసింది. ఎవరి ముందు నిలబడినా అంతే, తనకు తెలియకుండానే కొలుస్తుంది. సిగ్గుపడి తల దించుకున్నాడు.

ఇది రెండో చోటు. కొత్తగూడెంలో ఒక బ్యాంకు ముందే కాదంది. పక్కింటి గని కార్మికుడికి జీతం చీటీ చూసి వారంలో ఇచ్చారు. ఆంథోనికి చీటీ ఎక్కడిది? ఆ ఊరి క్రైస్తవుల్లో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టె ధర ఎవరూ నోటితో అనరు. పోయినవాళ్ళ పేరిట జరిగే ఆదరణ కూడిక అయ్యాక ఇంటి పెద్ద వచ్చి చేతిలో పెట్టిందే ధర. ఎదురుగా లెక్కపెట్టుకోకూడదు. రసీదు మాట ఎత్తకూడదు.

ఇల్లు మాత్రం తప్పదు. పెట్టెలు చూసి పై వాటాకు ఎవరూ రావడం లేదని ఇంటి యజమాని రాందాస్ నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. శవపెట్టెల వడ్రంగికి మరో ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు లేరు. సమాధుల తోట పక్కన రెండు గదులు, ఒక రేకుల షెడ్డు లక్షా ముప్పై వేలకు వస్తున్నాయి. ఆంథోని దగ్గర నలభై వేలున్నాయి.

"నీ దగ్గర కొన్నవాళ్ళ సంతకాలు ఐదు తీసుకురా," అన్నాడు ఆఫీసరు. "మావాళ్ళు వెళ్ళి అడిగితే వాళ్ళు అవునని చెప్పాలి. అప్పుడు చూద్దాం."

ఆంథోని ఒక ఇంటికి వెళ్ళాడంటే ఆ ఇంట్లో ఒకరు పోయినట్టే. కొలత తీసుకుని వచ్చేస్తాడు. వెళ్ళొస్తానని ఆయన అనడు, మళ్ళీ రమ్మని వాళ్ళూ అనరు. ఇప్పుడు అవే గుమ్మాలు మళ్ళీ ఎక్కాల్సి వచ్చింది. ఒక ఇంట్లో కోడలు ఆయన్ని చూసి పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసింది. ఇంకో ఇంట్లో, "మా నాయన పేరు అప్పులోళ్ళ నోట నానొద్దు," అన్నారు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె మాత్రం, "నాకింక టైముంది ఆంథోనీ, జల్దీ పడకు," అని నవ్వి సంతకం పెట్టింది. ఊరంతా తిరిగితే నాలుగు సంతకాలు వచ్చాయి.

"పినపాకల ఉండే హెప్సిబాను అడగరాదు?" అంది భార్య ఇన్నమ్మ.

"పిల్ల పెట్టెకు నేను పైసలు తీసుకోలే. కొన్నట్టు ఎట్ల రాస్తది?"

"అడిగి చూడయ్యా. ఈ సామానేసుకుని ఏడికి పోతం?"

పసిపిల్లల పెట్టెకు ఆంథోని ఏనాడూ డబ్బు ముట్టుకోలేదు. అది మరియతల్లికి ఆయన మొక్కు. ఏడేళ్ళ కిందట హెప్సిబా కూతురు జ్వరంతో కొత్తగూడెం దవాఖానాలో పోయింది. జీపుకు డబ్బుల్లేవు. శవాన్ని బస్సులో ఎక్కనివ్వరని ఆంథోని ఆ చిన్న పెట్టెను ఇన్నమ్మ నీలిగళ్ళ దుప్పటిలో చుట్టి ఇచ్చాడు. కండక్టరు సామాను అనుకుని లగేజీ టికెట్టు కొట్టాడు. తల్లి దాన్ని ఒడిలో పెట్టుకుని ఊరిదాకా కూర్చుంది.

ఆంథోని వెళ్ళేసరికి హెప్సిబా వాకిట్లో బీడీల తునికాకు కట్టలు కడుతోంది. ఆయన్ని చూడగానే చేతిలోని ఆకులు జారిపోయాయి.

"పెట్టె ఎవరికి అన్నా?" అంది.

"ఎవరికీ కాదమ్మా. నా పని మీద వచ్చిన."

సంగతి చెప్పాడు. ఆమె జారిన ఆకులు ఏరి కట్టలో పెట్టింది.

"కొన్ననని ఎట్ల పెట్టాలె అన్నా? నువ్వు పైసలు తీసుకోలే గదా. అబద్ధం రాయను."

"అవ్ తల్లీ, నిజమే." ఆంథోని కాగితం మడిచి వెనక్కి తిరిగాడు.

"ఆగు."

లోపలికి వెళ్ళి నీలిగళ్ళ దుప్పటి తెచ్చింది. ఉతికి మడత పెట్టి ఉంది. మడతలో నూట యాభై రూపాయలు, పాత నోట్లు.

"బిడ్డ పోయిన ఏడు తునికాకు పైసలివి. పట్టు."

"వద్దమ్మా. పిల్లల పెట్టెకు తీసుకోనని నాకు మొక్కుంది."

"నీ మొక్కుతోని నీకు పుణ్యమొచ్చింది. మరి నాకు?" నోట్లు ఆయన ముందుకు చాపింది. "నా బిడ్డ ఏడేండ్ల సంది ఇంకొకల దయల పండుకున్నది. తల్లిని, ఆఖరుకు దానికి పెట్టె సుత నేను కొనియ్యలే. పట్టన్నా. అప్పుడు సంతకం నిజమైతది."

ఆంథోని చెయ్యి చాపాడు. నోట్లకు దుప్పటి వాసన ఉంది. ఆమె కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది.

దుప్పటి చంకన పెట్టుకుని ఆయన వాకిలి దాటాడు. అలవాటు కొద్దీ వెళ్ళొస్తానని అనలేదు.

"అన్నా," వెనక నుంచి హెప్సిబా పిలిచింది. "ఈసారి వదినెను తోల్కొని రా. మల్ల రా."

ముప్పై ఏళ్ళలో ఏ ఇంటి ముందూ ఆంథోని ఆ మాట వినలేదు. జేబులోని నోట్లను అరచేత్తో అదిమి పట్టుకుని ఎండలో అక్కడే నిలబడిపోయాడు.