మూడో నంబరు ఉక్కు

"రోజంతా పొడిచి వస్తావు, ఒక్క ఉల్లిపాయ తరగలేవా?" అత్తగారు మూడోసారి అడిగింది.

"తరగను అత్తయ్యా. ఇంట్లో కత్తి పట్టనని తొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. మీ అబ్బాయి తరుగుతున్నాడుగా."

"వాడి మొహం! ఒక ముక్క ఉడుకుతుంటే ఇంకోటి మాడుతుంది."

భర్త మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు. సెలవు మీద వచ్చిన మరిది బూట్లు పాలిష్ చేసుకుంటూ నవ్వాడు. "మా బెటాలియన్ మొత్తం పొడిచినదానికంటే వదిన ఒక్కతే ఎక్కువ పొడిచింది. ఈసారి తనని పంపండి, నేనిక్కడ ఉల్లిపాయలు తరుగుతా." తరవాత నవ్వు ఆపి, "తుప్పు పట్టని కత్తి ఇప్పించు వదినా," అన్నాడు.

వచ్చిన రోజే చెప్పాడు. మూడు రోజులు వానలో ఉన్నారు. మీదపడ్డవాడిని పొడవబోతే స్నేహితుడి కత్తి ఒరలోనే తుప్పుతో బిగుసుకుపోయింది. గొంతు తెగాక కూడా ఆ స్నేహితుడి చెయ్యి పిడిని లాగుతూనే ఉందట. ఆ కత్తిని ఫ్యాక్టరీలో పరీక్షించి, బాగుందని సంతకం పెట్టింది తనేనని ఆమె మరిదికి చెప్పలేదు. అప్పుడు తడపని కత్తితోనే పరీక్షించారు. కొత్త కత్తులు ముందుగా అందేది మరిది బెటాలియన్‌కే.

ఆమె పొట్టి మనిషి. కుడి ముంజేయి ఎడమదానికంటే లావు. దర్జీ జాకెట్టు కుడిచేతిని అంగుళం వదులుగా కుడతాడు. అలసిపోయిన సైనికుడికి ఎంత బలం ఉంటుందో సరిగ్గా అంతే ఉందని ఆమెను పనిలోకి తీసుకున్నారు.

ఇప్పుడు కత్తుల్ని మూడు రోజులు రక్తంలో, ఉప్పునీళ్ళలో నానబెట్టి తీస్తున్నారు. ఏడో నంబరు ఉక్కు గోధుమరంగు పొలుసులు కట్టింది. మూడో నంబరు అప్పుడే తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. మేనేజరు మనసులో అది ఎప్పుడో ఖాయమైపోయింది. ఇక మిగిలినవి వంద పోట్లు.

మర్నాడు పరీక్ష గదిలో గొలుసుకు సగం పంది వేలాడుతోంది. అది ఊగకుండా వెనకనుంచి కావలించుకుని నిలబడేది ఆమెతో పనిచేసే పెద్దాయన. లెక్కపెట్టేదీ ఆయనే.

"నలభై. నిదానం అమ్మాయ్, పంది ఎక్కడికీ పారిపోదు."

"మీరు పారిపోకండి బాబాయ్, అదే చాలు."

మాంసం చీలినప్పుడల్లా చల్లటి నీరు మణికట్టు మీదుగా కారుతోంది. అరవై ఎనిమిదో పోటు పక్కటెముకకు తగిలింది. ఎండుపుల్లలా చప్పుడు చేస్తూ కత్తి మొన విరిగిపోయింది. ఒంటి బరువంతా చేతిలోనే ఉంది, ఆపడానికి మొన లేదు. మొండి కత్తి ఎముక మీదుగా జారి, పంది అంచు దాటి వెళ్ళింది.

"అరవై ఎనిమిది," అన్నాడు పెద్దాయన అలవాటుగా. తరవాత కిందికి చూసుకున్నాడు.

ఆమె మణికట్టు మీద పడ్డది వెచ్చగా ఉంది.

రెండు చేతులూ కలిపి ఆయన పొట్ట మీద అదిమింది. వేళ్ళ సందుల్లోంచి పొంగుతూనే ఉంది. ఆయన కాళ్ళు నేలను నాలుగైదుసార్లు తన్నాయి. అంబులెన్సు వచ్చేసరికి పోయాడు.

మేనేజరు కాగితం టైపు చేయించి తెచ్చాడు. "చేయి జారిందని ఉందమ్మా. ప్రమాదం కింద పోతుంది, నీ ఉద్యోగం నీకుంటుంది. కత్తి విరిగి పొడుచుకుందంటే మా వాళ్ళు ఊరుకోరు, నువ్వే కావాలని పొడిచావంటారు. ఆలోచించుకో."

"పొద్దున తెస్తాను," అంది. కాగితంతోపాటు మొండి కత్తిని కూడా గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది.

అన్నాల దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"సంతకం పెట్టేయవే," అంది అత్తగారు. "పోయినాయన తిరిగొస్తాడా? జైల్లో వేస్తే మేమేమైపోవాలి?"

"ఈ కత్తులే రేపు వీడి చేతికి కదా అత్తయ్యా వచ్చేవి."

మరిది తల ఎత్తలేదు. "తుప్పు పట్టలేదు కదా వదినా," అన్నాడు మెల్లగా.

"పట్టలేదు. విరిగింది."

భర్త ఆమె కుడిచేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"పొద్దున్నే ఠాణాకి వెళ్తున్నాను. పొడిచింది నేనేనని చెబుతాను, చేయి జారలేదు, కత్తి విరిగిందనీ చెబుతాను." అందరివంకా చూసింది. "పప్పు చల్లారిపోతోంది, తినండి."

కంచాల మధ్య, విప్పిన గుడ్డ మీద ఆ మొండి కత్తి పడి ఉంది. విరిగినచోట ఉక్కు బూడిదరంగులో, పంచదార పలుకుల్లా గరుకుగా మెరుస్తోంది.