గాలి దూరిన సిరంజి

చెరువు పరిశోధనశాలకు అధిపతి మరిది. ఆయన కింద పనిచేసేది సొంత వదిన. "మరిది అంటే ఏముంది, మరి, ఇదీ" అని ఆమె నవ్వుతూనే అనేది, పోయినేడాది వరకూ.

పోయినేడాది చెరువు అడుగు బురదలోని నీటిలో ఆర్సెనిక్ విషం ఎక్కువగా ఉందని వదిన తేల్చింది. అదే బురదలోంచి మరిది తానే నీరు తీసి, విషం లేదన్నాడు. "మా వదిన సీసాలు సరిగా కడగదండీ" అని, తనిఖీకి వచ్చిన కమిటీని నవ్వించాడు కూడా. బురదలో పనిచేసే మనిషి మీద బురద జల్లడం ఎంత సులువో.

ఆ సాయంత్రమే అతను పారేసిన సిరంజి అడుగున ఎర్రటి మడ్డి చూసి వదిన సంగతి గ్రహించింది. తాగే చెరువు కాదు గనక ఏడాది ఆగింది. అతని తుప్పు నలుగురిలో వదలగొట్టాలి అనుకుంది.

ఈ ఏడాది అదే కమిటీ మళ్ళీ వచ్చింది. బల్ల మీద బురద నింపిన నిలువు గొట్టం, దాని గోడకు చిన్న బెజ్జాలు.

"ఈసారీ మీరే నీరు లాగండి మరిదిగారూ. నావి మురికి చేతులు కదా."

"అలగకు వదినా," అంటూ మరిది నీటిని వడకట్టే సన్నటి బోలు పుల్లను ఒక బెజ్జంలోంచి బురదలోకి గుచ్చి, సిరంజి తగిలించి, పిడి వెనక్కి లాగి, అది జారకుండా చెక్కముక్క అడ్డం పెట్టాడు. అసలైతే ముందొచ్చిన నీటితో పాటు సిరంజిలోని గాలిని బయటికి తోసేసి మళ్ళీ లాగాలి. ఆయనకు అంత ఓపిక ఏనాడూ లేదు. వదిన అది చూసింది. పక్క బెజ్జంలో తన సిరంజి పెట్టి, గాలి తోసేసి, మళ్ళీ లాగి ఊరుకుంది.

అందరూ టీ తాగి వచ్చేసరికి వదిన సిరంజిలో నీరు అద్దంలా ఉంది. మరిది సిరంజిలో ఇటుకరంగు.

"ఇదేమిటి?" అన్నాడు కమిటీ పెద్ద.

మరిది నీళ్ళు నమిలాడు, ఏ సిరంజివో మరి.

"మీరు చెబుతారా, నేను చెప్పనా?" అంది వదిన.

"గాలి దూరిందండీ. గాలి తగిలితే నీటిలోని ఇనుము తుప్పవుతుంది. ఆర్సెనిక్ ఆ తుప్పును పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. పైనీళ్ళు కొలిస్తే కనబడదు," అని మరిదే ఒప్పుకున్నాడు.

"పోయినేడాది కూడా ఇలాగే తీశారా?" అన్నాడు కమిటీ పెద్ద.

"ఇలాగే."

"గొంతు పెంచండి మరిదిగారూ. వెనక కుర్చీలవాళ్ళకు అందలేదు."

"ఇలాగే తీశానండీ. సీసాల తప్పు కాదు."

సిరంజిలో గాలి దూరింది, మనిషిలో గాలి పోయింది.

కొత్త బురద తెమ్మన్నాడు కమిటీ పెద్ద. వదిన పడవలో దర్జాగా కూర్చుని తెడ్డు మరిది చేతికిచ్చింది. ఈ ఒడ్డు దగ్గరే మంచి బురద ఉందని ఆమెకు తెలుసు.

"ఇంకెంత దూరం వదినా? రెక్కలు పడిపోతున్నాయి."

"అవతలి ఒడ్డు దాకా. ఎదురుగాలి కదా, బలంగా వేయండి."