నా నాలుగో కాలు

నేను ఒక మోత కుర్చీని. ఇనప గొట్టాలు, గుడ్డ సీటు, అటూ ఇటూ మోత కర్రలు. మెట్లెక్కలేని మనిషిని కూచోబెట్టి విమానం తలుపు దాకా తీసుకెళ్లడానికి నన్ను చేశారు. పదకొండేళ్లు ఆ పనే చేశాను. తలుపు మాత్రం ఎన్నడూ దాటలేదు.

మాది సముద్రం పక్క చిన్న విమానాశ్రయం. స్థలం సర్కారుది, నడిపేది కంపెనీ, ముప్పై ఏళ్ల లీజు. నేను చేరిన ఏడేళ్లకి చట్టం వచ్చింది. మెట్లెక్కలేని వాళ్లని మనుషులు మొయ్యకూడదు, పైకి లేపే బండి ఉండాలని. అందరికంటే ముందు నేను సంతోషించాను.

చట్టం కొత్తగా అడిగిన పనికి కంపెనీ ప్రతిపాదన పంపాలి, సర్కారు ఒప్పుకుని డబ్బివ్వాలి. లీజు కాగితంలో అలా ఉంది. మేనేజరు కోదండపాణి పంపాడు. ఇప్పుడెలా ఎక్కిస్తున్నారని తిరుగు కాగితం వచ్చింది. 'కుర్చీ మీద. ఇంతవరకూ ఎవరూ పడలేదు' అని రాశాడు. అయితే తొందరేం లేదు, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. నాలుగేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు.

ఎవరూ పడకపోవడం ఎవరి చలవ? పై వైపు గౌరునాయుడు పట్టేవాడు, కింది వైపు సన్యాసి. బరువంతా సన్యాసి మీదే. యాభై ఆరేళ్ల మనిషి, నడుముకి బెల్టు బిగించుకుని వచ్చేవాడు. బండి అక్కర్లేదనడానికి ఆ నడుమే సాక్ష్యమైంది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఓసారి నా నాలుగు కాళ్లలో వెనక ఎడమది ఊడితే వెల్డింగు అతను, "తుప్పు పట్టింది సార్, కొత్త గొట్టం వేస్తాను" అన్నాడు.

"పాతది అతికిస్తే మరమ్మతు. కొత్తది వేస్తే కొత్త పని, దానికీ ప్రతిపాదన పంపాలి. అతికించు" అన్నాడు కోదండపాణి. కొత్త కుర్చీ కొన్నా అంతేనట. అలా మూడుసార్లు అతికించారు.

కాంతిమతి గారని, లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. కాళ్లు చిన్నప్పుడే చచ్చుబడ్డాయి. వైద్యానికి నెలకోసారి హైదరాబాదు వెళ్లేవారు. నా మీద కూచోగానే కళ్లు మూసుకునేవారు.

"భయమాండీ?" అన్నాడు గౌరునాయుడు.

"భయం కాదు నాయనా. సన్యాసి మూలుగు వినపడుతుంది. మొహం చూడలేను."

ఆ రోజు వాన. పై మెట్టు మీద దింపుతుంటే అదే కాలు ఊడింది. నేను ఒరిగిపోయాను. సన్యాసి మోకాలు అడ్డుపెట్టాడు. ఆవిడ పడలేదు. అతను మాత్రం లేవలేక అక్కడే కూలబడ్డాడు.

కింద గొడుగులోంచి కోదండపాణి అరిచాడు. "ఆ కాలు జాగర్తరా, సాయంత్రానికి అతికించాలి."

మనిషి సంగతి అడగలేదు.

కాంతిమతి గారు వంగి నా కాలు తీసి శాలువా కింద దాచుకున్నారు. నేను చూశాను. సన్యాసీ చూశాడు. గౌరునాయుడు ఆవిడని ఎత్తుకెళ్లి లోపల కూచోబెట్టాడు.

కోదండపాణి పైకొచ్చి వెతికాడు. "మూరెడు గొట్టం ఎక్కడికి పోతుందిరా?"

"ఏటో మరండి. గాలికి పోనాదేమో" అన్నాడు సన్యాసి, మోకాలు పట్టుకుని.

నేను దాటని తలుపు నా కాలు దాటింది. హైదరాబాదు ఎగిరిపోయింది.

అతికించడానికి ఏమీ లేదు. ఆ ఏడు ప్రశ్న వచ్చినప్పుడు 'ప్రస్తుతం ఏ ఏర్పాటూ లేదు' అని కోదండపాణి రాయక తప్పలేదు. నాలుగేళ్లు కదలని కాగితం ఆ నాలుగు మాటలకి కదిలింది. బండి రావడానికి ఇంకో ఏడు నెలలు. అన్నాళ్లూ ఆవిడ పోవడం, రావడం రైలే. నా కాలూ రైల్లోనే తిరిగొచ్చింది.

ప్రారంభానికి పెద్దలొచ్చారు. ఒక్కొక్కరే బండిలో పైకి లేచి ఫొటోలు దిగారు. అందరికీ కాళ్లున్నాయి. సన్యాసిని ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు గేటు బయట, కార్లు ఆపే చోటికి వెనక, తుక్కులో మూడు కాళ్లతో పడున్నాను. మొన్న కాంతిమతి గారు కారు దిగి, సన్యాసి చేత చక్రాల కుర్చీ నా వైపు తిప్పించుకున్నారు. సంచీలోంచి నా కాలు తీశారు.

"ఇదిగో సన్యాసీ. ఇంక నాకెందుకు?"

సన్యాసి అటూ ఇటూ చూశాడు. "మీకాడే ఉంచండమ్మగారూ. ఆ బండి ఏనాడో ఓనాడు ఆగిపోద్ది. కాలు కనపడిందంటే ఈళ్లు మళ్లీ అతికించేస్తారు."

ఆవిడ దాన్ని కారు సీటు కింద పెట్టించి, తలుపు వేయించారు.