ఎల్డన్ కోటుజేబు

లోకంలో ఎవరైనా రివాల్వర్ కొన్నాక దానికి ఒర వెతుక్కుంటారు. ఓర్ఫా స్కాగ్స్ మాత్రం ఒర పట్టుకుని రివాల్వర్ వెతకడానికి వచ్చింది.

"దీన్లో పట్టేది కావాలి. చిన్నది, చవకది," అంటూ పోయిన మొగుడు ఎల్డన్ తోలు ఒరని డ్యూయీ తుపాకుల దుకాణంలో గాజుబల్ల మీద పెట్టింది.

ఎల్డన్ పోయినప్పటి మంచు ఇంకా కరగలేదు. ఒర అతని కోటుజేబులోనే ఉంది గానీ, రివాల్వర్ మాత్రం ఇల్లంతా గాలించినా దొరకలేదు. కొండసందులో చివరి ఇల్లు ఆమెది. మొన్న ఎవరో కొట్టం తాళం విరగ్గొట్టారు. అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు. ఒహాయోలో చెల్లెలు వచ్చెయ్యమంటోంది. ఒకసారి వెళితే మళ్ళీ ఆ ఇంటికి రావడం కల్లేనని ఓర్ఫాకి తెలుసు.

ఎల్డన్ ఉండగా భయం అనే మాటే ఎరగదు. గడప దాటితే అతని ఎడమచెయ్యి కోటుజేబులోనే, రివాల్వర్ మీదే. చర్చిలో దణ్ణం కూడా ఒంటిచేత్తోనే. ఆ రివాల్వర్ చూసి ఓ ఎలుగుబంటి పక్కకి తప్పుకుని, "తమరు ముందు దయచెయ్యండి" అన్నదట. మొదట్లో అది దూడంతే ఉండేది. ఎల్డన్ చెప్పగా చెప్పగా బొగ్గులారీ అంత అయింది.

డ్యూయీ రెండు బుల్లి రివాల్వర్లు పరిచాడు. "ఇది ఈకలా తేలిక. పేలిస్తే మాత్రం గాడిద తన్నినట్టే. ఈ ఉక్కుది తీసుకో వదినా. బరువున్నది చేతిని తక్కువ తంతుంది. తూటాని కొట్టే సుత్తి లోపలే దాగుంటుంది, జేబుగుడ్డకి తగులుకోదు. ఒకరు వాడిందే గనక చవక."

"ఒరలో పెట్టి చూపించు."

పట్టలేదు. రెండోదీ పట్టలేదు. తోలు పలకగా సాగి, మూలలు తేలి ఉంది.

"ఏమయ్యా, ఎల్డన్‌దీ ఇలాంటిదేగా?"

డ్యూయీ మొహం తిప్పుకున్నాడు. ఓర్ఫా ఒరని ముక్కు దగ్గర పెట్టుకుంది. తుపాకీ నూనె వాసన లేదు. పిప్పరమెంటు వాసన.

చర్చిలో ప్రసంగం సాగి సాగి నిద్ర ముంచుకొస్తుంటే, ఎల్డన్ జేబులోని రేకు డబ్బాలోంచి తీసి ఆమె చేతిలో పెట్టే బిళ్ళలు!

"ఇందులో ఉండేది ఆ రేకు డబ్బానా? మరి రివాల్వరో?"

డ్యూయీ లోపలికెళ్ళి గుడ్డలో చుట్టింది తెచ్చాడు. "పదేళ్ళ కిందటే నాకిచ్చేశాడు వదినా. చేతికి వణుకు పట్టుకుంది. 'ఎవడినో కాల్చబోయి ఓర్ఫాని కాలుస్తానేమోరా' అన్నాడు. నీకు తెలిస్తే బెంగపడతావని ఒట్టేయించుకున్నాడు."

పదేళ్ళూ ఆ చెయ్యి తనకి కాపలా అనుకుంది. ఇంట్లో చలంటూ దుప్పటి కింద పెట్టుకునేవాడు. ఎప్పుడైనా చేతిలో చెంచా గిన్నెకి తగిలి గలగలమంటే, "గనిలో డ్రిల్లు పట్టిన చెయ్యి కదే, ఇంకా డ్యూటీ దిగలేదు" అనేవాడు. ఓర్ఫా నవ్వేది. నవ్వి ఊరుకునేది. ఒక్కసారైనా ఆ చెయ్యి పట్టుకుని చూసింది కాదు.

"అయితే ఇన్నాళ్ళూ నన్ను కాచింది మిఠాయి డబ్బానా?"

"దొంగలకి తెలీదుగా వదినా."

ఆమెకి నవ్వొచ్చింది. సగం దారిలో అది నవ్వు కాకుండా పోయింది.

డ్యూయీ ఎల్డన్ రివాల్వర్‌ని ఆమె వైపు జరిపాడు. "ఇది నీదే. ఊరికే పట్టుకెళ్ళు."

ఓర్ఫా దాన్ని ఒరలోకి తోసి చూసింది. అదీ పట్టలేదు.

"ఆయన వద్దనుకున్నది నాకెందుకు? ఆ ఉక్కుదే ఇవ్వు. కొత్త ఒర కూడా. పేల్చడం ఎవరు నేర్పుతారు?"

"శనివారం రా. నేనే నేర్పుతా."

కాగితాల పని అయ్యి ఇల్లు చేరేసరికి కొండ వెనక పొద్దు వాలింది. కుడిజేబులో కొత్త బరువు, ఎడమజేబులో పాత ఒర. తలుపు దగ్గర కుడిచేత్తో తాళంచెవి తిప్పింది. ఎడమచెయ్యి ఒర మీద ఉంది. అదీ వణుకుతోంది.