బీరువా కాలి కింద మరణాల రిజిస్టరు

నా రాతలో ఒత్తులు తప్పిపోయి ఉంటాయి, దీర్ఘాలు జారిపోయి ఉంటాయి, మన్నించండి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికే మూడు రోజులు పట్టింది. మాట్లాడేది మాత్రం నేను కాదు, ఒక రిజిస్టరు. ఇందులో వచ్చే సుంకులమ్మను నేనే.

నేను ఒక మరణాల రిజిస్టరును. గళ్ళు గీయించుకుని, గట్టి అట్టలు కట్టించుకుని ఈ ఊరికి వచ్చాను. వీపు మీద నల్ల సిరాతో ‘మరణాలు 1991’ అని రాశారు. పోయినవాళ్ళను దేశం మరచిపోకూడదని నన్ను తయారు చేశారట. నాలో యాభై మూడు మంది ఉన్నారు.

నలభై ఒకటో వరుసలో వడ్డె మద్దిలేటి. నాపరాయి గనిలో బండ విరిగి మీదపడి చనిపోయాడు. మర్నాడు గ్రామాధికారి నన్ను గని యజమాని అరుగు మీద తెరిచాడు. పెన్ను కూడా యజమానిదే. మద్దిలేటి భార్య సుంకులమ్మకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు.

“ఈడ ఏలు పెట్టమ్మా” అన్నాడు అధికారి. పెట్టింది. ఏం రాశారో నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

తర్వాత ఆఫీసు కొత్త భవనానికి మారింది. మమ్మల్ని, పాత రిజిస్టర్లన్నిటినీ, వానలో తడుపుకుంటూ ట్రాక్టరులో తెచ్చారు. రికార్డు గదిలో ఓ బీరువా కాలు తుప్పు పట్టి పొట్టిదయింది. నా మందం దానికి సరిగ్గా సరిపోయింది. పదిహేడేళ్ళు దాన్ని మోశాను. అందులో ఉన్నవి జెండా వందనానికి తెచ్చిన ప్లాస్టిక్ గ్లాసులు.

మొన్న సుంకులమ్మ వచ్చి గుమాస్తా శ్రీధరమూర్తికి చెబుతుంటే విన్నాను. గనిని పెంచుతారట. ఊరి ఒప్పుదల కోసం షామియానా కింద సభ పెట్టి, “మా గనిలో ఇంతవరకు ఒక్క ప్రాణం పోలేదు” అని యజమాని కొడుకు మైకులో అన్నాడట. ఈమె లేచి, “నా మొగుడు పోయినాడు” అందట. “కాగితముందా అవ్వా?” అని అడిగి నవ్వారట. సోమవారం మళ్ళీ సభ. ఆలోగా కాగితం కావాలి.

“తొంభై ఒకటివి లేవవ్వా, చెదలు తినిపోయినాయి. దొరకలేదని రాసిస్తా, పట్టుకపో” అన్నాడు శ్రీధరమూర్తి. ఒక్క కట్ట విప్పకుండానే రాసి సీలు వేశాడు.

ఆమెకు కుర్చీ చూపలేదు. అందుకే నేల మీద కూర్చుంది. అందుకే నేను కనబడ్డాను.

“మ... ర... ణా... లు” అని కూడబలుక్కుంది. “సార్, చెదలు తిన్న పుస్తకం ఇదేనా?”

“అది తీస్తే బీరువా పడతాది!”

“పడనీ సార్. గలాసులే గదా!”

నన్ను లాగారు. ఆమె వేలు ఒక్కో వరుసా దిగి నలభై ఒకటి దగ్గర ఆగింది. మరణ కారణం: జ్వరం. పక్కన తన వేలిముద్ర. మూడుసార్లు చదివింది.

“జరమా? మోకులేసి బండ లేపితే గదా శవం బయటికొచ్చింది! నా ఏలుతోనే నా మొగునికి జరం తెప్పించినారా?”

“కొట్టెయ్యడానికి లేదవ్వా, గవర్నమెంటు రికార్డు.”

బీరువా మోసిన పదిహేడేళ్ళూ నేను గవర్నమెంటు రికార్డును కాను. ఆమె చేయి పడేసరికి అయ్యాను!

“కొట్టెయ్యొద్దు సార్. ఆ అబద్ధం అట్లనే ఉండల్ల. పక్కన అంచులో నిజం రాయండి.”

అంచులో సరిదిద్దవచ్చని చట్టంలోనే ఉంది. ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. మర్నాడే ఆనాడు బండ లేపిన ముసలివాళ్ళిద్దరినీ తెచ్చింది. కొంగులో నాపరాయి ముక్క కూడా తెచ్చి, తానే బీరువా కాలి కిందికి తోసింది.

“దీనికి ఇది సాలు. మా ఆయన్ని ఇంకోసారి బరువు కింద పెట్టొద్దండి.”

అర్జీ మీద సాక్షుల సంతకాలయ్యాయి. ఇప్పటి అధికారి సంతకం చేస్తేనే అంచులో రాస్తారట.

“సారు సెలవులో ఉండాడు. బుధవారం రా.”

“సభ సోమారం గదా సార్. బుధవారం దాకా గని ఆగుతాదా?”

‘దొరకలేదు’ అన్న కాగితాన్ని ఆమె నాలోనే, నలభై ఒకటో వరుస దగ్గర పెట్టి మూసింది. అంచు ఇంకా తెల్లగానే ఉంది. ఆమె రోజూ వచ్చి అదే నేల మీద, నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. లేవమంటే లేవడం లేదు.

కింద ఉన్నది వేలిముద్ర కాదు, సంతకం.

వడ్డె సుంకులమ్మ,
అరవై మూడేళ్ళు,
గని పక్క కొట్టాలు, రాళ్ళకొత్తూరు.