రెండు బూరెలకు నాలుగు యూనిట్లు

ఇన్సులిన్ వేసుకోవడంలో మా ఆయన పాపారాజు గారిది సొంత పద్ధతి. డాక్టరు రాసినన్ని యూనిట్లు పొద్దున్నే వేసుకునేవారు. ఎవరింట్లోనైనా భోజనం చేసి వస్తే, తిన్నదాన్ని బట్టి ఇంకొంత పొడుచుకునేవారు. రెండు బూరెలకు నాలుగు యూనిట్లు, పూతరేకుకు మూడు. ఈ లెక్క ఆయనకు ఎవరు చెప్పారో దేవుడికే తెలియాలి.

మా భీమవరం రాజుల ఇళ్లలో వడ్డించేవాళ్లు వద్దంటే వినరు, తినేవాళ్లు గట్టిగా వద్దనరు. వద్దంటే ఆ ఇంటి ఇల్లాలిని చిన్నబుచ్చినట్టే. అలా మర్యాదకు తిని తిని ఈయన నూట పద్నాలుగు కిలోలయ్యారు. పెట్టినవాళ్లందరినీ పేరుపేరునా తిట్టుకునేదాన్ని నేను.

జూన్‌లో మా రొయ్యల చెరువులోకి దిగుతుంటే ఆల్చిప్ప గుచ్చుకుని ఆయన కాలి బొటనవేలు తెగింది. నెలైనా మానలేదు. యూనిట్లు పెంచుకుంటూ పోయినా షుగర్ మూడు వందల దిగువకు రాలేదు. వేలు నల్లబడుతుంటే నాకు భయం పట్టుకుంది. మా అన్నయ్య కూతురు గీతిక రాజమండ్రిలో డాక్టరు. ఆమె దగ్గరికి లాక్కుపోయాను.

గీతిక కట్టు విప్పి చూసింది. "మావయ్యగారూ, పది రోజులు చూద్దామండి. షుగర్ దిగి పుండు మానితే సరే, లేకపోతే వేలు తీసెయ్యాలి."

"ఇంజక్షన్ పనిచెయ్యట్లేదమ్మా. మందులోనే ఏదో తేడా ఉంది," అన్నారాయన.

"మందు బానే ఉందండి. దాని మాట ఒళ్లే వినట్లేదు. ముందు మీ సొంత లెక్కలు ఆపెయ్యండి. అలా పొడుచుకుంటే ఏదో రోజు షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. కొవ్వు కణాలు పట్టనంతగా నిండితే కొన్ని చచ్చిపోతాయట. జబ్బులతో పోరాడే రక్షణ కణాలు వాటిని శుభ్రం చేయడానికి వస్తాయట. పని ఎంతకీ తెమలక అక్కడే తిష్ఠ వేసి, ఏదో క్రిమితో పోరాడుతున్నట్టు రసాయనాలు వదులుతూనే ఉంటాయట. వాటివల్ల కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు సరిగా లొంగవట. చక్కెర రక్తంలోనే ఉండిపోతుందట.

"అదొక్కటే కారణం కాదండి, కానీ పెద్ద కారణం. ఇంత చక్కెరలో ఆ రక్షణ కణాలు పుండు దగ్గర చెయ్యాల్సిన పని కూడా సరిగా చెయ్యలేవు."

"చెరువులో మేత ఎక్కువై, మిగిలింది అడుగున కుళ్లినట్టన్నమాట. అప్పుడెన్ని మందులు కొట్టినా దండగే. ముందు మేత తగ్గించాలి," అన్నారాయన.

"అంతేనండి. అత్తయ్యగారూ, విన్నారా?"

"నాకెందుకమ్మా, పిలిచి పెట్టేవాళ్లకి చెప్పు," అన్నాను విసురుగా.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. షుగర్ రెండు వందల ఇరవైకి దిగింది. వేలు ఉంటుందో పోతుందో తేలడానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఇంటికొచ్చిన రోజు గీతిక చెప్పిన కొలతకే అన్నం పెట్టాను. అది రెండు నిమిషాల్లో అయిపోయింది. మనిషి వాడిపోయి ఉన్నారు. నాకు ప్రాణం ఊరుకోలేదు. హస్తం గరిటె నిండా అన్నం తీసి, మీద నెయ్యి వేసి వంగాను. ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు సూర్యకాంతం."

"ఒక్క ముద్దేనండి."

చెయ్యి తియ్యలేదు. ముప్పై రెండేళ్లలో నా వడ్డనకు ఆయన అడ్డం పెట్టడం అదే మొదలు. నాకు ఒళ్లు మండింది. "ఊరందరూ పెడితే తిన్నారు. నేను పెట్టిందే ఎక్కువైందా?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. కట్టు కట్టిన కాలికేసే చూస్తూ, మెల్లిగా అన్నారు.

"ఊళ్లోవాళ్లు పెట్టేది నెలకి నాలుగు రోజులే కదే."