రాగిచెంబులో గోదావరి

సత్యకుమారి ఇరాక్ వెళ్లేటప్పుడు తల్లి లోవమ్మ చిన్న రాగిచెంబులో గోదావరి నీళ్లు నింపి, మూతికి మాటు వేయించి పెట్టెలో పెట్టింది. పట్టిసీమ రేవులో వలలు వేసుకుని బతికే ఇంట్లో అంతకంటే పెద్ద సారె ఏముంటుంది? "దూరాభారం. ఎవరికి అవసరమొస్తుందో, దగ్గరుంచుకో," అంది. ఆ అవసరమేమిటో కూతురికి విడమరిచి చెప్పక్కర్లేదు. పోయే ప్రాణానికి చివరి గుక్క గోదావరి కావాలి, అంతే.

బస్రా దగ్గర సైనికాసుపత్రిలో ఉద్యోగం. ఆమెకు సైన్యంలో హోదా లేదు, తుపాకీ లేదు. ఉత్త కాంట్రాక్టు నర్సు. యుద్ధం మాత్రం కాంట్రాక్టు చూసుకుని రాదు కదా! ఎనభై రెండు వేసవిలో ఒక మధ్యాహ్నం లారీల నిండా గాయపడినవాళ్లు దిగారు. పెద్ద డాక్టరు ఒక్కొక్కరినీ చూసి, బతుకుతారనుకున్నవాళ్లను ఆపరేషనుకీ, ఆశ లేనివాళ్లను గోడవారకీ పంపాడు. గోడవార ఒక సిపాయి, మీసమైనా సరిగ్గా రానివాడు, పొట్టలో ఇనపముక్క దిగి, "మాయ్, మాయ్" అంటున్నాడు. అక్కడి మాటలో నీళ్లని.

పొట్టలో గాయమైతే చుక్క నీళ్లు పట్టకూడదని ఆమెకు తెలియదా? రాజమండ్రిలో నర్సింగు చదివిన మొదటి ఏడాదే నేర్పారు. కానీ వీడు పోయేవాడు. గదికి పరుగెత్తి, మాటు ఊడగొట్టి, చెంబు తెచ్చి మూడు చెంచాలు పోసింది. వాడు చప్పరించి ఆమె వేలు పట్టుకున్నాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆమెకు మనసు నిండిపోయింది.

పావుగంటలో ఆపరేషను బల్ల ఖాళీ అయింది. డాక్టరు వచ్చి వాడి నాడి మళ్లీ చూసి, "వీణ్ణీ తీసుకురండి, ప్రయత్నిద్దాం," అన్నాడు. నీళ్లు పట్టానని అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. మత్తిస్తుంటే వాడు కక్కుకున్నాడు, కక్కిందంతా ఊపిరితిత్తుల్లోకి పోయింది. బల్ల మీదే ప్రాణం పోయింది. "ఎలాగూ బతికేవాడు కాదు," అని డాక్టరు చేతులు కడుక్కున్నాడు. మూడు చెంచాలకే అంత జరుగుతుందా అని ఆమె ఎవరినీ అడగలేదు. జరుగుతుందంటారేమోనని భయం.

ఇంటికి రాసిన ఉత్తరంలో సగమే రాసింది. చెంబు ఒక సిపాయికి పనికొచ్చిందని. లోవమ్మ మురిసిపోయి రేవంతా చెప్పుకుంది.

రెండేళ్లకి టెలిగ్రాం వచ్చింది. తండ్రి జీవరాజును రాజమండ్రిలో డాక్టర్లు ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. సత్యకుమారి వచ్చేసరికి వాకిలినిండా జనం. "ఎవరు పోసినా నోరు తెరవటం లేదు. నా కూతురే పొయ్యాలంటన్నాడు," అంటూ లోవమ్మ గోదావరి నీళ్ల గ్లాసూ చెంచా చేతిలో పెట్టింది. కూతుర్ని చూడగానే ముసలాయన నోరు తెరిచాడు.

సత్యకుమారి చెంచా పెదవి దాకా తీసుకెళ్లింది. చెయ్యి ఆగిపోయింది. రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"నాడి బాగానే కొట్టుకుంటోందమ్మా. ఇంకోసారి ఆసుపత్రికి తీసుకెళ్దాం. జీపు పిలిపించండి."

"డాక్టర్లే పంపేశారండీ సిస్టరుగారూ," అన్నాడు పక్కింటి బంగార్రాజు.

"పొయ్యవే తల్లీ! పోయాక పోస్తే ఏంటి లాభం?" లోవమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఉండమ్మా, ఒక్క నిమిషం," అని సత్యకుమారి చెంచా కింద పెట్టి మళ్లీ నాడి లెక్కపెట్టసాగింది. ముసలాయన నోరు తెరిచే ఉంది. కళ్లు ఆమె మీదే ఉన్నాయి. లెక్క ముప్పై దాటాక వేలి కింద ఏమీ తగల్లేదు. అప్పుడు గబగబా మూడు చెంచాలు పోసింది. నీళ్లు మింగుడుపడక మూతి పక్కనుంచి తలగడ మీదికి కారిపోయాయి.

లోవమ్మ కూతురి భుజం పట్టుకుని కుదిపేసింది. "పుట్టినకాణ్ణించీ గోదాట్లో బతికిన మనిషే! ముక్కూ మొహం తెలీని సిపాయికి పోసేవు కదే. కన్నతండ్రికి పొయ్యడానికి చెయ్యి రాలేదేంటే నీకు?"

"ఆ అబ్బాయి బతికేవాడేమోనమ్మా," అంది సత్యకుమారి.

లోవమ్మకు ఏమీ అర్థం కాలేదు. తడిసిన తలగడ లాగేసి, భర్త తల తన ఒళ్లో పెట్టుకుంది.